సూతు తేడా

రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు నా పాత జీపును గుట్టల మీది గూడేలకు తిరిగే నర్సు కోసం కిరాయికి పెట్టాను. దేవరకొండ దాటి దక్షిణానికి పోయేకొద్దీ నేల ఎత్తవుతూ, రాళ్లు పెరుగుతూ నల్లమల అంచుకు చేరుతుంది. అక్కడి తండాల్లో కొన్నింటికి అప్పటికే తారు రోడ్డు పడింది. ఒక చెంచు గూడేనికి మాత్రం వాగు దాటాక బాట అనేదే లేదు. వాననీళ్లు కోసిన గాడినే మేం బాట అనుకునేవాళ్లం. ప్రతి బుధవారం పొద్దున నర్సును, ఆమె టీకాల డబ్బాను ఎక్కించుకొని ఆ గాడి వెంట పైకి పోవాలి. పొద్దుగూకే లోపల కిందికి దింపాలి.

నా జీపు ఏ మోడలని అడిగితే చెప్పడం కష్టం. కాగితాల్లో ఒక ఏడాది రాసి ఉంది. ఇంజను ఆ తర్వాతి కాలానిది. వెనక ఇరుసు నాకంటే ముందున్న ఆసామి ఏదో తుక్కుకు పోయిన బండిలోంచి తీయించి వేయించాడు. అది ఏ బండో ఆయనకే గుర్తు లేదు. అందుకే ఈ జీపుకు ఏ సామాను పాడైనా దుకాణంలో పేరు చెప్పి అడిగితే కుదిరేది కాదు. నాకు బండి పని నేర్పిన మెకానిక్ చాచా ఆ సంగతి మొదటి రోజే చెప్పాడు.

"పేరు చెప్పి సామాను అడగకు బేటా. పాతది ఊడదీసి చేతుల పట్టుకపో. గీ బండికి పుట్టిన తారీఖు లేదు."

చాచాకు అప్పటికే అరవై దాటాయి. దేవరకొండలో బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆయనది. సామానును కంటితో చూసి ఎప్పుడూ నమ్మేవాడు కాదు. కొలిచేవాడు, వేలు పెట్టి తడిమేవాడు, అప్పుడు తల ఊపేవాడు.

నేను ఆయన మాట వినని రోజు ఒకటుంది. ఈ కథకు ముందటి ఏడు వానకాలంలో స్టీరింగు కింది బాల్ జాయింటు అరిగిపోయింది. తొందరలో ఉండి దుకాణంలో ఇచ్చినదాన్నే చూపు అందాజుతో తెచ్చి నేనే బిగించాను. పట్టింది, నట్టు కూడా ఎక్కింది. ఇరవై రోజులు బాగానే నడిచింది. తిరుమలగిరి సంత నుంచి జనాన్ని ఎక్కించుకొని వస్తుంటే ఒక్కసారిగా స్టీరింగు చేతిలో తేలికైపోయింది. ఎటు తిప్పినా చక్రాలు తిరగలేదు. బండి పత్తి చేనులోకి పోయి ఆగింది. ఒక ముసలవ్వకు మణికట్టు విరిగింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకొని, "అయ్యో, పోరడు బెదిరిండు, జర నీళ్లు తాపుండ్రి" అని నా గురించే చెప్పింది. తిట్టి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో. అప్పటినుంచి "దాదాపు పడుతుంది", "సర్దుకుంటది" అని ఎవరైనా అంటే ఆ సామాను ముట్టేవాణ్ణి కాదు.

ఆ బుధవారం గురించి చెప్పాలంటే దాని ముందటి బుధవారం నుంచి మొదలుపెట్టాలి. గూడెంలో ఒకామెకు నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు. కాళ్లు వాచాయి, రక్తపోటు ఎక్కువగా ఉంది. నర్సు ఆ పొద్దే ఆమెను దవాఖానకు తీసుకుపోదామని చూసింది. కాని ఆమె మొగుడు తేనె కోసం అడవిలోకి పోయి ఉన్నాడు. అతను లేకుండా ఆమె బండి ఎక్కనంది.

"మా ఆయన రానియ్ సిస్టరమ్మా. వచ్చే బుధవారం ఇద్దరం మూట కట్టుకొని బండి ఆగే కాడ కూసుంటం."

నర్సు చాలాసేపు బతిమాలింది. చివరికి మాత్రలు ఇచ్చి, ఉప్పు తగ్గించమని చెప్పి, మనసొప్పకుండానే జీపు ఎక్కింది. వాగు దగ్గర, "అన్నా, వచ్చే బుధవారం బండి తప్పొద్దు" అంది. నేను తప్పదన్నాను.

మంగళవారం మధ్యాహ్నం బండి కడుగుతుంటే వెనక ఎడమ చక్రం లోపలి వైపు తడి కనిపించింది. వాసన చూస్తే బ్రేక్ ఆయిల్. చాచా షెడ్డుకు తీసుకుపోయి డ్రమ్ము ఊడదీశాం. లోపల బ్రేకు సిలిండర్ కారుతోంది. బొటనవేలంత లావు ఇనుప గొట్టం అది. మనం కాలితో నొక్కితే ఆయిల్ దానిలోకి తోసుకొచ్చి బ్రేకు పట్టీలను డ్రమ్ముకు అదుముతుంది. లోపల తుప్పు తిని గీతలు పడ్డాయి. రబ్బర్లు మారిస్తే కారడం ఆగదు, సిలిండరే మార్చాలి.

దాన్ని గుడ్డలో చుట్టుకొని దుకాణానికి పోయాను. కౌంటరు మీది మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలికి పోయి కొత్త డబ్బా తెచ్చాడు. పక్కపక్కన పెడితే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. బోల్టు రంధ్రాలు ఒకటే దూరం. పొడవు ఒకటే. "ఇగ ఫికర్ చెయ్యకు, కళ్లు మూసుకొని బిగియ్" అన్నాడు. నాకూ సంతోషమైంది. షెడ్డుకు తెచ్చి చాచా చేతిలో పెట్టాను.

చాచా కొలత పట్టె తీసి రెండింటి లోపలి రంధ్రాలు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. అంగుళంలో ఎనిమిదో వంతును మా మెకానిక్కులు సూతు అంటారు. పాతదాని రంధ్రం ఏడు సూతులు. కొత్తది ఎనిమిది, అంటే నిండు అంగుళం.

"సూతు తేడా ఉన్నది" అన్నాడు.

"బిగిస్తే పడతదా చాచా?"

"పడతది. బండి నడుస్తది, ఆగుతది. కని ఎట్ల ఆగుతదో నేను చెప్పలేను. రంధ్రం పెద్దదైతే గా చక్రానికి బ్రేకు ఎక్కువ పడతది. మొత్తం బండికంటె ముందు గా ఒక్క చక్రమే బిగుసుకుంటది. తారు రోడ్డు మీద నీకు తెల్వనే తెల్వదు. వానల, గుట్ట దిగేటప్పుడు తెలుస్తది."

గుట్ట మీద రెండో మలుపు నా కళ్ల ముందు కనిపించింది. ఎడమ పక్క రాయి, కుడి పక్క ఏమీ లేదు. ఆ రోజు పొద్దున్నుంచీ వాన ముసురు పట్టి ఉంది. నేను ఆ డబ్బాను తిరిగి ఇచ్చేశాను.

బుధవారం పొద్దున నర్సు టీకాల డబ్బా భుజానికి తగిలించుకొని షెడ్డుకే వచ్చింది. జీపు ఒక పక్క జాకీ మీద లేచి ఉంది. సంగతి చెప్పాను.

"వేరే బండి లేదా అన్నా?"

ఇద్దరం ఫోన్లు చేశాం. అంబులెన్సు వాగు దాకానే వస్తుంది, ఎక్కలేదు. ఒక ట్రాక్టరాయన ఒప్పుకున్నాడు గాని వాగు దాటాక తడిసిన గాడి చూసి అక్కడినుంచే వెనక్కి మళ్లానని చెప్పాడు. గూడెంలో ఫోను పట్టదు. మేం రావడం లేదని వాళ్లకు చెప్పే దారి కూడా లేదు.

నర్సు జీపు వైపు చూస్తూ నిలబడింది. "మిగిలిన మూడు చక్రాలకు బ్రేకు ఉంటది గద. ఆ ఒక్కదానికి పైపు మూసేసి మెల్లగ పోలేమా?"

అలా చేయొచ్చని నాకు తెలుసు. అంతకు ముందు ఒకటి రెండుసార్లు చేశాను కూడా. జీపులో ఇంకో సంగతి ఉంది. గేరు పక్కనుండే చిన్న లివరు లాగితే నాలుగు చక్రాలూ లాగుతాయి, వేగం మనిషి నడక కంటే తగ్గిపోతుంది. ఆ గేరులో బండి ఎద్దులా అడుగు మీద అడుగు వేసుకుంటూ దిగుతుంది. బ్రేకు మీద కాలు పెట్టే అవసరం పెద్దగా రాదు. ఇదంతా నాకు తెలుసు. కాని ఆ క్షణాన నాకు కనిపించింది ఆ ముసలవ్వ చేయి.

"వద్దు సిస్టర్. సరైన సామాను పడందే నేను గుట్ట ఎక్కను" అన్నాను.

చాచా వైపు చూశాను. ఆయన తల వంచుకొని పానాలు తుడుస్తున్నాడు. అవుననలేదు, కాదనలేదు.

నర్సు, "సరే అన్నా. బండి నీది, పాణం అందరిది" అంది. ఆ మాటలో కోపం లేదు. డబ్బా తీసుకొని బస్సు రోడ్డు మీది ఊళ్లకు పోయింది.

నేను నల్లగొండ బస్సెక్కాను. అక్కడ మూడు దుకాణాలు తిరిగాను. మొదటి రెండింట్లో అదే అంగుళం సిలిండర్ ఇచ్చారు. మూడో దుకాణంలో ఏడు సూతులదే దొరికింది గాని డబ్బా మీద ఏ పేరూ లేదు. లోపల వేలు పెట్టి చూస్తే గరుకుగా తగిలింది. నెల రోజుల్లో రబ్బరును తినేస్తుంది. దుకాణం మనిషి విసుక్కున్నాడు. "పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తున్నవేందన్నా, బ్రేకు సామానే గద" అన్నాడు. అక్కడినుంచి హైదరాబాదు పోయాను. పాత బండ్ల సామాన్లు అమ్మే గల్లీలు నాకు ఎరుకే. గురువారం పొద్దున అవి తెరిచే దాకా ఆగి, ఒక్కో కొట్టూ వెతికాను. పదకొండింటికి ఒక ముసలాయన దగ్గర, నూనె గుడ్డలో చుట్టిన సిలిండర్ దొరికింది. నా ఇరుసు లాంటి ఇరుసుదే. కొలిచాను, ఏడు సూతులు. లోపల అద్దంలా నున్నగా ఉంది. నాకు పట్టరాని ఆనందమైంది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. సరిగ్గా ఆ వేళకే గూడెంలో ఏం జరుగుతోందో నాకు తెలియదు.

సాయంత్రానికి చాచా దాన్ని బిగించి, పైపులోని గాలి తీసి, బ్రేకు పట్టు చూశాడు. శుక్రవారం తెల్లవారి నర్సు, నేను బయలుదేరాం. వాన వెలిసింది, వాగు తగ్గింది. ఎక్కుతూ దారిలో రెండు మూడుసార్లు ఊరికే బ్రేకు నొక్కి చూశాను. నాలుగు చక్రాలూ ఒక్కసారి, సమానంగా ఆగుతున్నాయి. ఎంత హాయిగా ఉందో నర్సుకు కూడా చెప్పాను. ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

బండి ఆగే చోట ఎవరూ లేరు. గూడెంలోకి నడిచాం. ఒక అవ్వ గుడిసె ముందు కూర్చొని ఉంది. నర్సును చూసి లేవలేదు.

"బుధారం దినమంత బండి ఆగే బండకాడనే కూసున్నరు తల్లీ. మూట కట్టుకొని, తల దువ్వుకొని కూసున్నది పిల్ల. వానొస్తె చెట్టుకిందికి పోవుడు, మల్ల వచ్చుడు. పొద్దుగూకినంక ఇంటికొచ్చిండ్రు. నిన్న పొద్దుగాల నొప్పులు లేసినయ్. ఫిట్స్ గూడ వచ్చినయ్. బొంగుకు చీర గట్టి మోసుకపోయిండ్రు మొగోళ్లు."

"ఇప్పుడెక్కడున్నది?" నర్సు డబ్బా కింద పెట్టి అడిగింది.

"దవాఖానల. తల్లి బతికిందంట. పుట్టిన పోరడే పాయె."

ఆ అవ్వ నా వైపు చూసింది. నేను బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాను. నర్సు తన పని మానలేదు. ఆ పొద్దు గూడెంలో ఉన్న ఇద్దరు పసిపిల్లలకు టీకాలు వేసి, ఒకతనికి జ్వరం మాత్రలు ఇచ్చి, అప్పుడు వచ్చింది. దిగేటప్పుడు నేను చిన్న లివరు లాగి, చిన్న గేరులో దించాను. కొత్త బ్రేకు అసలు అవసరమే పడలేదు.

దేవరకొండ చేరగానే దవాఖానకు పోయాం. ఆమె కళ్లు మూసుకొని పడుకొని ఉంది. ఆమె మొగుడు వరండా మెట్ల మీద కూర్చున్నాడు. పాతికేళ్లుంటాయి. భుజం మీద చర్మం బొంగు ఒరుసుకొని లేచిపోయి ఉంది. నర్సు పక్కన కూర్చొని అతని భుజానికి మందు రాసింది. నేను చాయ్ తెచ్చి ఇచ్చాను. తాగాడు.

పది పన్నెండు రోజులకు వాళ్లిద్దరినీ నేనే ఇంటికి తీసుకుపోయాను. ఆమె వెనక పడుకుంది. అతను నా పక్కన కూర్చున్నాడు. వాగు దాటాక అడిగాడు.

"గా పొద్దు బండికి ఏమైందన్నా?"

పాత సిలిండర్ ఇంకా నా కాళ్ల దగ్గరే పడి ఉంది. తీసి చూపించాను. ఎక్కడ కారిందో, దుకాణంలో ఇచ్చిన కొత్తది ఎందుకు బిగించలేదో చెప్పాను. అతను దాన్ని అరచేతిలో పెట్టుకొని చూశాడు.

"గింతదా" అన్నాడు. అంతే. దాన్ని నాకు తిరిగి ఇచ్చి, బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నర్సు నాతో, "నీ తప్పేం లేదన్నా. ముందటి వారం నేనే గట్టిగ పట్టుబట్టాల్సుండె" అనేది. ఎన్నిసార్లు అన్నదో లెక్క లేదు. మరుసటి ఏడు ఆమెకు బదిలీ అయింది. పోతూ పోతూ కూడా అదే అన్నది. నేను ఆ తర్వాత ఒక రేకు పెట్టె కొని, ఈ జీపుకు సరిపోయే సిలిండర్లు, రబ్బర్లు, జాయింట్లు ఒక్కొక్కటిగా వెతికి, కొలిచి అందులో పెట్టుకున్నాను. మళ్లీ ఒక్క బుధవారం కూడా బండి ఆగలేదు. కాని దాంతో నా మనసు కుదుటపడలేదు. ఆ రోజు దిగగలిగేవాణ్ణా లేదా అన్న ప్రశ్న తిండి దగ్గర, పడక దగ్గర నన్ను పట్టుకునేది. నా భార్యతో చెబితే, "అయిపోయినదాన్ని ఎంతకని తవ్వుతవ్" అన్నది.

తెలుసుకోకుండా ఉండలేకపోయాను. తర్వాతి వానకాలంలో ఒక మధ్యాహ్నం, ముసురులోనే, ఒక్కణ్ణే జీపు తీసుకొని గుట్ట ఎక్కాను. పైన బండి తిప్పి, చిన్న గేరు వేసి, కుడి కాలును బ్రేకుకు దూరంగా మడిచి పెట్టుకొని దిగడం మొదలుపెట్టాను. మొదటి మలుపు మామూలుగా గడిచింది. రెండో మలుపులో వెనక చక్రాలు మూరెడు పక్కకు జారాయి. కాలు తనంతట తానే లేచింది, బలవంతాన ఆపుకున్నాను. చక్రాలు రాయిని పట్టుకున్నాయి. బండి దిగింది. వాగు ఒడ్డున ఆపి చాలాసేపు కూర్చున్నాను.

ఆ సాయంత్రం చాచాకు చెప్పాను. మొదట తిట్టాడు. తర్వాత అన్నాడు.

"ఖాలీ బండి దించినవ్. గంతే. గా పొద్దు అయితే నీ పక్కన నిండు చూలాలు, ఎనుక సిస్టరు ఉంటుండె. జారినప్పుడు ఆళ్లు మొత్తుకుంటే నీ కాలు బ్రేకు మీదికి పోకుండ ఉండునా?"

"ఉంటుండెనేమో."

"ఏమోతోని బండ్లు నడవయ్ బేటా."

నేను ఊరుకోలేదు. "చిన్న గేరుల దిగొచ్చని గా పొద్దు నీకు తెల్వదా చాచా?"

"తెలుసు."

"మరి చెప్పకపోతివి?"

ఆయన చేతిలోని పానా కింద పెట్టాడు. "నువ్వు పోతనంటే నేను వద్దంటుంటి. నువ్వే వద్దంటివి. ఇగ నేను పొమ్మని ఎట్లంట? ఏమన్న అయితే పంపినోని మీదికొస్తది. నాకూ భయమే అయింది." మళ్లీ పానా అందుకుంటూ, "తప్పు నీ ఒక్కనిదే అనుకోకు" అన్నాడు.

ఆ మాటతో కొంత బరువు దిగిందనుకున్నాను గాని లేదు. ఆ తర్వాతి బుధవారం గూడెంలో ఆమె మొగుణ్ణి వెతుక్కుంటూ పోయాను. గుడిసె వెనక కంచె కోసం కంప నరుకుతున్నాడు. దగ్గర కూర్చొని మొత్తం చెప్పాను. బ్రేకు పాడైంది నిజమే, కాని రావాలంటే రాగలిగేవాణ్ణి, భయపడి రాలేదు అన్నాను. మొన్న ఒక్కణ్ణే దిగి చూసిన సంగతి కూడా దాచలేదు.

అతను నరకడం ఆపలేదు. నాలుగైదు కొమ్మలు నరికి పక్కన పెట్టాక మాట్లాడాడు.

"బండి రానప్పుడే అనుకున్న. ఏదో భయమయ్యి ఉంటదని. నేను గూడ తేనెకు పోకుంటే అయిపోతుండె. ఎవలకు చెప్పుకుంటం." ఇంకో కొమ్మ అందుకున్నాడు. "అన్నా, గీ మాట మా ఆడిదానితోని అనకు. దానికి బండి ఖరాబయ్యిందనే ఎర్క. గట్లనే ఉండనియ్."

నేను తల ఊపాను. ఇంతలో ఆమె నాకు చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగి, చెంబు ఇచ్చి వచ్చేశాను.

మళ్లీ ఆమెకు నెల తప్పినప్పుడు అతను గుట్ట దిగి నడుచుకుంటూ దేవరకొండకు వచ్చి మరీ నాకు చెప్పాడు. ఎనిమిదో నెల పెట్టగానే దింపాలన్నాడు. ఎండ కాస్తున్న రోజు చూసి దింపాను. ఆమె ముందు కూర్చుంది, అతను ఆమె వెనకే నిలబడి రెండు చేతులతో సీటు పట్టుకున్నాడు. నెల రోజులు దవాఖానకు దగ్గర్లో తెలిసినవాళ్ల ఇంట్లో ఉన్నారు. ఆడపిల్ల పుట్టింది.

ఇప్పుడు వాగు మీద కల్వర్టు పడింది, గూడెం దాకా సిమెంటు రోడ్డు వచ్చింది. అంబులెన్సు నేరుగా పైకి పోతుంది. నా జీపుతో అక్కడ పని లేదు. చాచా షెడ్డు మూసేశాడు. ఆమె మొగుడు మాత్రం తేనె, జిగురు అమ్ముకోవడానికి వచ్చినప్పుడు దేవరకొండలో కనిపిస్తాడు. ఇద్దరం నిలబడి వానల గురించి, తేనె ధర గురించి మాట్లాడుకుంటాం. ఒకసారి బిడ్డను వెంట తెచ్చాడు. బడిలో వేశానని చెప్పాడు. పక్కనున్న దుకాణం మనిషి, "నీ తొలిచూలు బిడ్డనా?" అని అడిగాడు.

"కాదు, రెండోది" అన్నాడు అతను, నా వైపు చూడకుండా.